వైరల్ జ్వరాల కాలంలో కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావం: సరూర్‌నగర్ పరిసరాలు

ఇంధనం సరిగా కాలనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ వాయువు ఊపిరితో రక్తంలో చేరి, ఒంటికి ఆక్సిజన్ అందకుండా చేయడాన్ని కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావం అంటారు. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. పీల్చినవారికి మొదట తలనొప్పి, ఆపైన కడుపులో తిప్పడం, నీరసం, కళ్లు తిరగడం మొదలవుతాయి. ఇవన్నీ ఫ్లూ, కోవిడ్, మామూలు వైరల్ జ్వరాల్లో కూడా ఉండేవే. ఇంట్లో ఇద్దరు ముగ్గురు జలుబుతో పడుకున్న వారంలోనే ఈ వాయువూ చేరితే రెండింటినీ విడదీయడం కష్టమవుతుంది. వైరస్ పరీక్ష పాజిటివ్ రావడంతో వెతుకులాట ఆగిపోతుంది, ఇంట్లో మండే గ్యాస్ గీజరు సంగతి ఎవరూ అడగరు. ప్రాణాల మీదికి వచ్చేది ఈ అడగని ప్రశ్న దగ్గరే.

ప్రాంతం, కాలం

రంగారెడ్డి జిల్లా సరూర్‌నగర్ మండలంలోని కాలనీలు, వాటిని ఆనుకున్న దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ హైదరాబాద్ తూర్పు వైపున చాలా ఒత్తుగా జనం ఉండే చోట్లు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల కోసం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్లలో, ఒకే గదిని పంచుకుంటూ ఉంటారు. పక్కపక్క మంచాల మీద నిద్ర, కిక్కిరిసిన క్లాసు, మెట్రోలో ప్రయాణం. ఒకరికి పడిశం పడితే గదంతా పాకడానికి ఎంతో సమయం పట్టదు.

మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పుంజుకుంటుంది. ఒకటి వానాకాలంలో, రెండోది జనవరి నుంచి మార్చి వరకు. దేశంలో మొదటి స్వైన్‌ఫ్లూ కేసు 2009 మే నెలలో బయటపడింది హైదరాబాద్‌లోనే. విదేశం నుంచి విమానంలో దిగిన ప్రయాణికుడికి అది ఉన్నట్టు తేలింది. తెలంగాణలో తొలి కోవిడ్ కేసు 2020 మార్చి 2న నమోదైంది. రెండో ఫ్లూ కాలం మొదలయ్యే జనవరిలో నగరంలో రాత్రి ఉష్ణోగ్రత 10 నుంచి 15 డిగ్రీల మధ్యకు దిగుతుంది. కిటికీలు మూసేది, వేన్నీళ్లు ఎక్కువగా వాడేది, సెల్లార్లలో వాచ్‌మెన్ కుటుంబాలు బొగ్గుల కుంపటి రాజేసేది కూడా అప్పుడే. జ్వరాల కాలం, కార్బన్ మోనాక్సైడ్ కాలం ఇలా ఒకదానిమీద ఒకటి పడతాయి.

వానాకాలానికీ దాని ప్రమాదం దానికుంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు నీట మునిగాయి. అప్పటికి కోవిడ్ ఇంకా తగ్గలేదు. కరెంటు లేని అలాంటి రోజుల్లో చిన్న జనరేటర్‌ను వరండాలోనో మెట్ల కిందో పెట్టి నడిపితే, దాని పొగ తిన్నగా పడకగదుల్లోకే వస్తుంది. అమెరికాలోని టెక్సాస్‌లో 2021 ఫిబ్రవరి మంచు తుపానులో జరిగింది ఇదే. లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. జనం ఇంట్లో జనరేటర్లు, బొగ్గుల పొయ్యిలు వెలిగించారు, గ్యారేజీల్లో కార్లు ఆన్ చేసి కూర్చున్నారు. 1,400 మందికి పైగా కార్బన్ మోనాక్సైడ్ బాధతో ఆసుపత్రులకు పరుగెత్తారు. హ్యూస్టన్, డాలస్ పరిసరాల్లో తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి కాబట్టి, ఇది దూరపు వార్తగా వదిలేయాల్సింది కాదు.

స్నానాలగదిలో ఏం జరుగుతుంది

వంటగ్యాస్ లీకైతే వాసన వస్తుందని అందరికీ తెలుసు. గ్యాస్‌కు సొంత వాసన ఉండదు, జనానికి తెలియాలని కంపెనీలు మెర్కాప్టన్ అనే గంధక పదార్థం కలుపుతాయి. గ్యాస్ మండేటప్పుడు ఆ మెర్కాప్టన్ కూడా కాలిపోతుంది. అందుకే గాలి చాలక అరకొరగా మండిన గ్యాస్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌లో ఆ హెచ్చరిక వాసన మిగలదు. వాసన లేదు కనుక లీకేజీ లేదు, లీకేజీ లేదు కనుక భయం లేదు అనుకునే కుటుంబానికి ఎదురయ్యే అసలు ప్రమాదం ఇది.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. నిమిషానికి 6 లీటర్ల నీటిని కాచే చిన్న గ్యాస్ గీజరు పూర్తి మంట మీద గంటకు దాదాపు ఒక కిలో గ్యాస్ కాలుస్తుంది. ఒక కిలో గ్యాస్ పూర్తిగా కాలడానికి సుమారు 12 ఘనమీటర్ల గాలి కావాలి. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉన్న స్నానాలగదిలో ఉండేది మొత్తం 8 ఘనమీటర్లే. అంటే పది నిమిషాల్లో గీజరు గదిలోని గాలిలో నాలుగో వంతును వాడేస్తుంది. వెంటిలేటర్‌కు అట్ట అడ్డం పెట్టి, తలుపు గడియ వేస్తే కొత్త గాలి వచ్చే దారి లేదు. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట నీలం రంగు పోయి పసుపెక్కుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. ఒకరి వెనక ఒకరు స్నానం చేసే ఇంట్లో ఎక్కువ ముప్పు చివరివారికి. మన ఇళ్లలో ఆ చివరి వంతు చాలాసార్లు అమ్మదే.

జబ్బు పడిన మనిషికి ఇది ఇంకా ప్రమాదం. జ్వరం వదిలిన రోజున తలస్నానం చేయించడం మన అలవాటు. ఒంట్లో సత్తువ ఉండదు, నీళ్లు బాగా వేడిగా కావాలి, చలిగాలి తగలకూడదని తలుపులన్నీ బిగిస్తారు, మామూలు కంటే ఎక్కువసేపు లోపల ఉంటారు. అక్కడ కళ్లు తిరిగి పడిపోతే 'జ్వరం నీరసం' అని అందరూ సర్దుకుంటారు. బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టడం, పసిబిడ్డకు జలుబు చేస్తే తలుపులు వేసి సాంబ్రాణి పొగ వేయడం కూడా ఈ కోవలోవే. సాంబ్రాణి మంచిదా కాదా అన్న చర్చ కంటే ముందు చూడాల్సింది దాని కింది బొగ్గులను. బొగ్గు నిప్పు పొగ రాకుండానే కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. పెద్దల కంటే పిల్లలు వేగంగా ఊపిరి తీస్తారు కాబట్టి ముందు దెబ్బతినేది వాళ్లే.

సింగరేణి వంటి భూగర్భ గనుల్లో బొగ్గు తనంతట తాను వేడెక్కుతోందేమో పసిగట్టడానికి గాలిలో కార్బన్ మోనాక్సైడ్‌ను కొలుస్తూ ఉంటారు. గని కార్మికుడికి దక్కే ఆ జాగ్రత్త, అదే కార్మికుడి పిల్లలు చదువుకునే నగరపు అద్దె గదిలో లేదు.

రక్తంలో, ఊపిరితిత్తుల్లో

రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకుంటుంది. ఈ వాయువు రక్తాన్ని ఎలా దెబ్బతీస్తుందో పంతొమ్మిదో శతాబ్ది మధ్యలో ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ చూపించాడు. 1890లలో స్కాట్లండ్‌కు చెందిన జాన్ స్కాట్ హాల్డేన్ ఆ వాయువును తానే పీల్చి, ఒంట్లో కలిగే మార్పులను రాసిపెట్టాడు. హిమోగ్లోబిన్, కార్బన్ మోనాక్సైడ్ కలయికతో ఏర్పడేదాన్ని కార్బాక్సీ హిమోగ్లోబిన్ అంటారు. పొగ తాగని ఆరోగ్యవంతుల్లో ఇది 2, 3 శాతానికి మించదు. పొగ తాగేవారిలో 10 శాతం దాకా ఉండొచ్చు. హుక్కా పీల్చేవారిలో ఇంకా పెరగవచ్చు.

ఆక్సిజన్‌కు చోటు దక్కకపోవడం ఒక్కటే కాదు. మిగిలిన హిమోగ్లోబిన్ కూడా తాను మోస్తున్న ఆక్సిజన్‌ను కణాలకు వదలడానికి మొరాయిస్తుంది. గుండె కండరంలోని మయోగ్లోబిన్, కణాల లోపల శక్తి పుట్టించే ఎంజైములు కూడా దెబ్బతింటాయి.

దీనికి వైరల్ జ్వరం తోడైతే నష్టం రెండు వైపుల నుంచి వస్తుంది. ఒంటి ఉష్ణోగ్రత ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే ఆక్సిజన్ అవసరం సుమారు 10 శాతం పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి వేగం పెరిగి అదే గాలి నుంచి విషవాయువు త్వరగా లోపలికి చేరుతుంది. న్యుమోనియా ఉంటే ఆక్సిజన్ రక్తంలో చేరడమే కష్టం, చేరిన కొంచెం కూడా కణాలకు అందదు. విడివిడిగా తట్టుకోగలిగిన రెండు జబ్బులు కలిసినప్పుడు గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్లలో ఛాతీనొప్పి, గుండె లయ తప్పడం కనిపిస్తాయి.

శరీరం కూడా తనంతట తాను కొద్దిగా కార్బన్ మోనాక్సైడ్‌ను తయారుచేస్తుంది. పాత ఎర్ర రక్తకణాల్లోని హీమ్ విరిగినప్పుడు అది పుడుతుంది. శ్వాసనాళాల్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ పని చేసే ఎంజైము చురుకవుతుంది. జలుబు ఉన్నవారు వదిలే గాలిలో ఈ వాయువు పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 1998లో ప్రచురించారు. కానీ ఆ పెరుగుదల చాలా స్వల్పం. వైరస్ ఒక్కటే కార్బాక్సీ హిమోగ్లోబిన్‌ను 10, 20 శాతానికి తీసుకెళ్లదు. అంత వచ్చిందంటే బయట ఎక్కడో ఒక మంట ఉంది, దాన్ని కనిపెట్టాలి.

వేలికి పెట్టే ఆక్సీమీటర్

కోవిడ్ తర్వాత పల్స్ ఆక్సీమీటర్ చాలా ఇళ్లలోకి చేరింది. 94 కింద పడితే ఆసుపత్రి, 98 ఉంటే నిశ్చింత అని జనం నేర్చుకున్నారు. న్యుమోనియా విషయంలో ఆ పాఠం చాలామందిని కాపాడింది. కార్బన్ మోనాక్సైడ్ విషయంలో మాత్రం అదే పాఠం మోసం చేస్తుంది.

ఈ పరికరం 660, 940 నానోమీటర్ల రెండు కాంతులను వేలిలోంచి పంపి రంగును చదువుతుంది. ఎర్ర కాంతి దగ్గర కార్బాక్సీ హిమోగ్లోబిన్ కూడా ఆక్సిజన్ నిండిన రక్తంలాగే కనిపిస్తుంది. రెండింటినీ కలిపి లెక్కేసి పరికరం నిండు అంకె చూపిస్తుంది. జంతువుల మీద చేసిన ప్రయోగంలో హిమోగ్లోబిన్‌లో 70 శాతాన్ని కార్బన్ మోనాక్సైడ్ ఆక్రమించినా ఆక్సీమీటర్ 90 దగ్గరే నిలిచింది. మామూలు బ్లడ్ గ్యాస్ పరీక్షలో వచ్చే ఆక్సిజన్ పీడనం కూడా నార్మల్‌గానే ఉంటుంది. కార్బాక్సీ హిమోగ్లోబిన్‌ను విడిగా కొలిచే కో-ఆక్సీమీటర్ ఉంటేనే నిజం బయటపడుతుంది. దీనికి ధమని రక్తమే కావాలని లేదు, సిర రక్తం చాలు.

రెండు జబ్బులను విడదీసే గుర్తులు

అమెరికాలో 1987లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఫ్లూ లక్షణాలతో అత్యవసర విభాగానికి వచ్చిన 55 మందికి రక్తపరీక్ష చేశారు. 13 మందిలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ 10 శాతం లేదా అంతకు పైన ఉంది. చిన్న అధ్యయనమే, చలిదేశపు లెక్కే. అయినా అడిగి చూస్తే దొరుకుతుందని అది నిరూపించింది.

జ్వరం, ముక్కు కారడం, గొంతునొప్పి, కఫం వైరస్ గుర్తులు. కార్బన్ మోనాక్సైడ్ వీటిని తేదు. కానీ రెండూ కలిసిన మనిషిలో ఈ గుర్తులన్నీ ఉంటాయి, కాబట్టి జ్వరం ఉందని కార్బన్ మోనాక్సైడ్‌ను కొట్టేయకూడదు. అంతకంటే నమ్మదగింది కాలం. ఫ్లూ సోకాక లక్షణాలు రావడానికి 1 నుంచి 4 రోజులు పడుతుంది. అందుకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు, రోజుల తేడాతో పడతారు. విషవాయువు అయితే అందరికీ ఒకే గంటలో, ఒకే పూట తల పగిలిపోతుంది. జలుబు లేని మనిషికి కూడా తలనొప్పీ వాంతులూ రావడం, ఆఫీసుకో కాలేజీకో వెళ్తే తేలికపడి ఇంటికి రాగానే మళ్లీ మొదలవడం, స్నానం తర్వాతే కళ్లు తిరగడం, పంజరంలో చిలుక చచ్చిపోవడం గట్టి సూచనలు. చర్మం ఎర్రబారడం గురించి పుస్తకాల్లో రాస్తారు గానీ, అది కనిపించేది ఎక్కువగా మృతదేహాల్లో. దానికోసం ఎదురుచూడటం తప్పు.

విజయవాడ, 2020 ఆగస్టు 9

శ్వాసకోశ వైరస్, మంటల పొగ ఒకేసారి ఒకే మనుషుల మీద పడిన సందర్భం తెలుగు నేల మీద విజయవాడలో జరిగింది. స్వర్ణ ప్యాలెస్ హోటల్‌ను అప్పట్లో కోవిడ్ కేర్ సెంటర్‌గా నడిపారు. 2020 ఆగస్టు 9, ఆదివారం తెల్లవారుజామున కింది అంతస్తులో మంటలు లేచి, పొగ పై అంతస్తుల గదుల్లోకి ఎక్కింది. పదిమంది చనిపోయారు. ఎక్కువ మంది ఊపిరాడకే పోయారు. కొందరు కిటికీల్లోంచి దూకారు. మూడు రోజుల ముందే, ఆగస్టు 6న, అహ్మదాబాద్‌లోని ఒక కోవిడ్ ఆసుపత్రిలో మంటలు ఎనిమిదిమందిని బలిగొన్నాయి.

మూసిన భవనంలో పరుపులు, ప్లాస్టిక్, వైర్లు కాలినప్పుడు వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ముఖ్యమైన విషం. తరచు సైనైడ్ కూడా తోడవుతుంది. అప్పటికే వైరస్‌తో వాచిన ఊపిరితిత్తుల్లోకి ఆ పొగ చేరితే ఎంత తక్కువ మోతాదైనా ఎక్కువే. ఇలాంటి చోటు నుంచి బయటికి తెచ్చిన రోగి ఆయాసానికి కోవిడ్ అనే జవాబు ముందే రాసిపెట్టి ఉంటుంది. చికిత్స చేసేవాళ్లు దాన్ని పక్కనపెట్టి, పొగ పీల్చిన మనిషిగా ముందు చూడాలి.

హైదరాబాద్‌లో కూడా ఇలాంటి అగ్నిప్రమాదాలు ఆగలేదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్లో ఎనిమిదిమంది, 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు, 2025 మే 18న గుల్జార్ హౌస్ దగ్గర 17 మంది చనిపోయారు. మూడు చోట్లా మంట కంటే ముందు పొగే చంపింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే మెట్లదారి ఉన్న హాస్టల్, కోచింగ్ భవనాల గురించి మాట్లాడేటప్పుడు ఈ మూడు పేర్లూ గుర్తుండాలి.

చికిత్స

అనుమానం వచ్చిన మరుక్షణం చేయాల్సింది తలుపులు తెరిచి, మంట ఆర్పి, అందరినీ బయటి గాలిలోకి తేవడం. పడిపోయిన మనిషిని లాగడానికి వెళ్లేవారు ఊపిరి బిగబట్టి, ముందు కిటికీ తెరవాలి. కాపాడబోయినవారు కూడా అక్కడే కూలిపోవడం ఈ ప్రమాదాల్లో తరచు జరిగేదే. తర్వాత 108. ఫోన్‌లో 'జ్వరం మనిషి పడిపోయాడు' అనకుండా 'గ్యాస్ గీజరు ఉన్న బాత్‌రూమ్‌లో పడిపోయాడు' అని చెప్పాలి. ఆ ఒక్క మాట ఆసుపత్రిలో చేసే పరీక్షను మార్చేస్తుంది.

బయటి గాలి పీలిస్తే రక్తంలోని కార్బాక్సీ హిమోగ్లోబిన్ సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది. బిగుతైన మాస్కుతో 100 శాతం ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. పీడనం పెంచిన గదిలో ఇచ్చే హైపర్‌బేరిక్ ఆక్సిజన్‌తో అరగంట లోపే. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆక్సిజన్ పెట్టి తీసుకొచ్చిన రోగికి ఆలస్యంగా రక్తం తీస్తే అంకె తక్కువ వస్తుంది, దాన్ని చూసి విషప్రభావం లేదనుకునే ప్రమాదం ఉంది. ఎన్ని గంటల కిందట బయటికి తెచ్చారు, ఆక్సిజన్ ఎప్పుడు మొదలైంది అన్నవి రిపోర్టుతో పాటు రాసుకోవాలి. కోవిడ్ అనుకుని ఆక్సిజన్ ఇస్తే కార్బన్ మోనాక్సైడ్ కూడా కడుక్కుపోయి మనిషి తేరుకుంటాడు. డిశ్చార్జయి అదే ఇంటికి, అదే గీజరు దగ్గరికి వెళ్తాడు.

స్పృహ తప్పినవారికి, గుండె దెబ్బతిన్నవారికి, గర్భిణులకు హైపర్‌బేరిక్ చికిత్స ఆలోచిస్తారు. జలుబుతో ముక్కు, చెవి గొట్టాలు మూసుకుపోయి ఉంటే పీడనం పెరిగినప్పుడు కర్ణభేరి దెబ్బతినవచ్చు. వైరస్‌తో కలిసి వచ్చిన కేసుల్లో ఈ సంగతి ముందే చూసుకోవాలి. కడుపులోని బిడ్డ హిమోగ్లోబిన్ ఈ వాయువును తల్లి రక్తం కంటే ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. అందుకే గర్భిణికి తలనొప్పి తగ్గినా ఆక్సిజన్ ఇంకా కొనసాగిస్తారు. ఫ్లూ అని తేలితే దాని మందులు ఆపనక్కర్లేదు, రెండు చికిత్సలూ పక్కపక్కనే నడుస్తాయి.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో తెలంగాణ ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన చేసింది. తూర్పు హైదరాబాద్‌కు కావాల్సిన పెద్ద అత్యవసర వైద్యం ఇంటిదగ్గరికే రావాలన్నది దాని ఉద్దేశం. అలాంటి చోట కో-ఆక్సీమెట్రీ రాత్రీ పగలూ అందుబాటులో ఉండాలి, చలికాలపు జ్వరం కేసుల్లో గీజరు, కుంపటి, జనరేటర్ గురించి అడిగే ఒక గడి కేసు షీటులో ఉండాలి.

ఇంట్లో

గ్యాస్ గీజరును స్నానాలగది లోపల పెట్టకూడదు. బాల్కనీలోనో, గాలి ఆడే బయటి గోడకో బిగించి, నీళ్ల పైపును మాత్రమే లోపలికి తేవాలి. అద్దె ఇంట్లో మార్చే వీలు లేకపోతే బకెట్ నింపుకుని, గీజరు కట్టేసి, తలుపు కాసేపు తెరిచి ఉంచాక స్నానానికి వెళ్లాలి. పసుపు మంట, గీజరు చుట్టూ మసి కనిపిస్తే మెకానిక్ చూసేవరకూ వాడకూడదు. కుంపటి పడకగదిలోకి రాకూడదు, రాత్రి నిద్రలో అసలే వద్దు. మూసిన గదులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో పెట్టిన హద్దు ఘనమీటరుకు గంట సగటున 35 మిల్లీగ్రాములు, పావుగంటకైతే 100. దీన్ని ముక్కు కొలవలేదు. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం కొలుస్తుంది. గ్యాస్ లీక్ అలారం వేరు, అది ఈ వాయువును పట్టదు. కొనేటప్పుడు ఈ తేడా అడిగి చూసుకోవాలి.

తర్వాతి వారాలు

కోలుకున్నట్టు కనిపించిన కొందరిలో 2 నుంచి 40 రోజుల మధ్య కొత్త బాధలు మొదలవుతాయి. మతిమరుపు, ఏకాగ్రత లేకపోవడం, చిరాకు, నడకలో తడబాటు, చేతులు బిగుసుకుపోవడం. మెదడు లోపల గ్లోబస్ పాలిడస్ అనే భాగం దెబ్బతిన్నట్టు ఎంఆర్‌ఐలో కనిపించవచ్చు. వైరల్ జ్వరం తర్వాత కూడా వారాల తరబడి నీరసం, మనసు మందగించడం ఉంటాయి కాబట్టి, రెండోసారి కూడా నింద వైరస్ మీదే పడుతుంది. పోటీ పరీక్షకు చదువుతున్న పిల్లవాడు ఉన్నట్టుండి చదివింది గుర్తుండటం లేదంటే దాన్ని బద్ధకం అనుకోకుండా, జ్వరం వచ్చిన ఆ వారంలో స్నానాలగదిలో ఏం జరిగిందో న్యూరాలజిస్టుకు చెప్పాలి. విషప్రభావం తేలినవారందరినీ నెల, నెలన్నర తర్వాత మళ్లీ పిలిచి జ్ఞాపకశక్తి, నడక పరీక్షించాలి. ఆలోగా ఆ ఇంటి గీజరును బయటికి మార్చాలి.